కాళ్లు లెక్కపెట్టి, రంగు చూసి

మొదట కాళ్లు లెక్కపెట్టాలి. డ్రాగన్ బొమ్మ ఎవరు చూపించినా నేను చేసే మొదటి పని అదే. నాలుగు కాళ్లు, రెండు రెక్కలు, వెరసి ఆరు. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇలా ఆరు అవయవాలున్నది ఒక్కటీ లేదు. పక్షికైనా గబ్బిలానికైనా ముందుకాళ్లే రెక్కలయ్యాయి తప్ప రెక్కలు విడిగా మొలవలేదు. కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, ఈ లెక్క తేలకుండా పేజీ తిప్పలేను. “అమ్మమ్మా, అది నిప్పులు కక్కుతుంటే నువ్వు కాళ్లు లెక్కపెడుతున్నావా?” అంటుంది మా మనవరాలు.

లెక్కకు ఒక దారి కూడా ఉంది. పశ్చిమ కనుమల అడవుల్లో జానెడు బల్లి ఒకటి చెట్టు మీంచి చెట్టు మీదికి గాలిలో జారుతూ పోతుంది. ఆ జాతికి లిన్నేయస్ 1758లోనే డ్రాకో అని పేరు పెట్టాడు. దాని కాళ్లు నాలుగూ కాళ్లుగానే ఉన్నాయి. పక్కటెముకలు కొన్ని పొడవుగా బయటికి సాగి, వాటి మీద చర్మం పరుచుకుని రెక్కల్లా తయారయ్యాయి. కథల్లో డ్రాగన్ రెక్కలు కూడా పక్కటెముకలే అనుకుంటే నాకు పేచీ లేదు. బొమ్మలు వేసేవాళ్లు మాత్రం గబ్బిలం వేళ్లే వేస్తారు. వాళ్ల ఇష్టం.

మా మనవరాలు హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు సంచిలో ఒక లావుపాటి అట్ట పుస్తకం తెచ్చింది. పేరు ‘మాన్‌స్టర్ మాన్యువల్’. ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటకు అది జంతుకోశం లాంటిది. ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అందులో పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని ఆడేది ఈ ఆటే. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని డంజియన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఏం చేయదలచుకున్నారో నోటితో చెబుతారు, జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని 1974లో బజారులోకి తెచ్చారు. రాత్రి పదకొండింటికి మా పెరటి గదిలోంచి “నేను దాని వెనక్కి వెళ్తున్నా, ఈటె తీస్తున్నా” అని అరుపులు వినిపిస్తే దొంగలనుకుని లేవక్కర్లేదు. ఫోన్లో స్నేహితులతో ఆడుతోందన్నమాట.

మొట్టమొదటి పుస్తకాల్లో ఆరు రకాల డ్రాగన్లే ఉండేవి: తెల్లది, నల్లది, పచ్చది, నీలిది, ఎర్రది, వాటితో పాటు బంగారపుది. మరుసటి ఏడాది వచ్చిన ‘గ్రేహాక్’ అనుబంధంలో ఇత్తడి, రాగి, కంచు, వెండి చేరాయి. అప్పటి నుంచి ఈ ఆటలో డ్రాగన్లంటే రెండు వంశాలు, అయిదు రంగులవి, అయిదు లోహాలవి. రంగుల వంశానికి టియామాట్ అనే అయిదు తలల రాణి. లోహాల వంశానికి బహమూత్ అనే రాజు, ఆయన ప్లాటినం. టియామాట్ బాబిలోన్ పురాణంలో సముద్ర దేవత. బహమూత్ అరబ్బుల విశ్వవర్ణనలో భూమిని మోసే మహా మత్స్యం. ఆట తయారుచేసినవాళ్లు ఆ పేర్లను తెచ్చి డ్రాగన్లకు తగిలించారు. మూలకథలతో ఇక్కడి పాత్రలకు పోలిక పెద్దగా లేదు.

పుస్తకం ఒకసారి తిరగేసి పక్కన పెడదామనుకున్నాను, పెట్టలేకపోయాను. క్లాసులో ఒంటె పాఠం ఒంటె దగ్గర మొదలుపెట్టేదాన్ని కాదు, ఎడారి దగ్గర మొదలుపెట్టేదాన్ని. ఇసుక ఎలాంటిదో తెలిస్తే పాదం ఎలా ఉండాలో పిల్లలే చెప్పేవారు. ఈ పుస్తకం రాసినవాళ్లు కూడా అదే పద్ధతి పట్టుకున్నారు. డ్రాగన్ ఉండే చోటు, అది వదిలే ఊపిరి, దాని బుద్ధి, ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒక కొస దొరికితే మిగతావి అవే వస్తాయి. ఇందులో చెప్పే వివరాలు చాలావరకు మా మనవరాలి దగ్గరున్న 2014 నాటి పుస్తకంలోవి.

నీలి డ్రాగన్ని చూడండి. ఎడారిలో ఉంటుంది. ముక్కు మీద ఒకటే పెద్ద కొమ్ము. ఇసుకలో ఒళ్లంతా కప్పుకుని ఆ కొమ్ము మాత్రం పైకి ఉంచి పడుకుంటుంది, దూరం నుంచి చూసే బాటసారికి అదొక రాయి. నోట్లోంచి మంట రాదు, మెరుపు వస్తుంది. ఆ మెరుపుతోనే ఇసుకను కరిగించి, గాజు గోడల గుహ కట్టుకుంటుంది. ఇది చదివి నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఎందుకంటే నిజంగానే పిడుగు ఇసుక నేల మీద పడితే ఇసుక కరిగి గాజు గొట్టాలు ఏర్పడతాయి. వాటిని ఫుల్గురైట్లు అంటారు. విద్యుత్తును ఆయుధంగా వాడే జంతువూ లేకపోలేదు. దక్షిణ అమెరికా నదుల్లోని ఎలక్ట్రిక్ ఈల్ చేప ఒక రకానికి 860 వోల్టులు కొలిచారు. అంటే ఈ ఊహకు కాళ్లు నేల మీదే ఉన్నాయి. బుద్ధి సంగతికొస్తే నీలిది ఓపికస్తురాలు, దర్పం ఎక్కువ. తన కింద పనిచేసేవాళ్లను దర్జాగా ఏలుకుంటుంది, నీలాలంటే ప్రాణం. నువ్వు బలహీనురాలివి అన్న ధ్వని వినిపిస్తే చాలు, మాట మిగలదు. యుద్ధంలో దగ్గరికి రాదు, దూరం నుంచి మెరుపు విసిరి, తాపీగా చూస్తూ తిరుగుతుంది. దాక్కోవడానికి చెట్టూ పుట్టా లేని చోట బతికే వేటగత్తె అలాగే కదా ఉండాలి.

పచ్చదానిది అడవి. దాని ఊపిరి విషవాయువు, పాత ప్రతుల్లో సూటిగా క్లోరిన్ అనే రాశారు. అది ఉన్న దరిదాపుల్లో ఆ ఘాటు వాసన ముందే తగులుతుందట. దీనికి బలం కన్నా మాట ముఖ్యం. ఎవరికి ఏ ఆశ ఉందో కనిపెట్టి, మెల్లగా తన వైపు తిప్పుకుంటుంది. మిగిలిన డ్రాగన్లు నాణేలు పోగేస్తే ఇది మనుషుల్ని పోగేస్తుంది. పేరున్న వీరులు, పండితులు, పాటగాళ్లు, వీళ్లు తన మాట జవదాటని స్థితికి వస్తే అదే దానికి నిధి. ఆటలో దీన్ని చంపడం కష్టం కాదనీ, దాని మాట వినకుండా ఉండటమే కష్టమనీ మా మనవరాలి అభిప్రాయం. వాళ్ల ఆటలో ఒకడు పచ్చ డ్రాగన్‌తో ఒప్పందం కుదుర్చుకుని సొంత జట్టునే అమ్మేశాడట. “పాత్ర అలా చేసింది, నేను కాదు” అన్నాడట మర్నాడు. అందరూ వాడితో మాట్లాడటం మానేశారు, రెండు పూటలు.

నల్లది బురదనేలల్లో, శిథిలాల్లో ఉంటుంది. కొమ్ములు ముందుకు వంగి, ముఖం పుర్రెలా ఉంటుంది. కక్కేది ఆమ్లం. చీమలు ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి, బాంబార్డియర్ అనే పురుగు రెండు రసాయనాలు కలిపి మరిగే ద్రవాన్ని తోక దగ్గర నుంచి పేలుస్తుంది, కాబట్టి ఇదీ మరీ గాలిలో మేడ కాదు. బాగుపడిన ఊరిని చూస్తే దానికి కంట్లో నలుసు. కూలిపోయిన రాజ్యాల మిగులూ తగులూ తెచ్చుకుని దాచుకుంటుంది. ఆటలోని ఒక పాత ప్రతిలో దీని తిండి గురించి రాసిన వాక్యం నన్ను నవ్వించింది: మాంసం దొరికితే వెంటనే తినదు, కొన్నాళ్లు నీటి మడుగులో ఊరేసి తింటుంది. కొత్తావకాయ జాడీ మూత తీయకుండా ఆగగలిగే ఇల్లాలికి దీని ఓర్పు అర్థమవుతుంది.

ఎర్రదాని గురించి ఎక్కువ చెప్పను. అందరికీ తెలిసిన డ్రాగన్ అదే. అగ్నిపర్వతం, నిప్పు, గర్వం, బంగారు గుట్ట. తన గుట్టలో ప్రతి నాణెం ఎక్కడిదో, ఎంత చేస్తుందో దానికి తెలుసు. ఒకటి పోతే కనిపెట్టేస్తుంది. బాగా ముసలి ఎర్ర డ్రాగన్ ఒక్కసారి ఊపిరి వదిలితే దెబ్బ ఎంతో తేల్చడానికి మామూలు ఆరు ముఖాల పాచికలు 26 వేయాలి. సినిమాల వాళ్లకూ, బొమ్మల వాళ్లకూ ఇదే ముద్దు. నాకు మాత్రం రంగుల వంశంలో అన్నిటికన్నా తక్కువ ఊహతో తయారైంది ఇదేననిపిస్తుంది.

తెల్లదాన్ని ఆడేవాళ్లు చులకనగా చూస్తారు. రంగుల వాటిలో చిన్నది, తెలివి తక్కువది, మాటలకు దిగదు, కుట్రలు పన్నదు. మంచు కొండల్లో ఒంటరిగా తిరుగుతుంది, గడ్డకట్టని మాంసం ముట్టదు. దాని ఊపిరి చలి. చలిని కక్కే జంతువు ప్రకృతిలో లేదు గనుక అక్కడ నేను పెన్సిల్ పక్కన పెట్టేశాను. అయినా నా మార్కులు దీనికే. మిగిలిన నాలుగూ ఎంతో కొంత పొలుసులు తొడుక్కున్న మనుషులు. ఇది ఒక్కటే నిజంగా జంతువు. ఆకలి, హద్దు, పిల్లలు, అంతే. ఒకటి మాత్రం ఉంది, తనను ఓడించినవాడిని మరిచిపోదు. గెలిచిన యుద్ధాల గుర్తుగా శత్రువుల కళేబరాలను మంచు గోడల్లో ఉన్నవి ఉన్నట్టు నిలబెట్టుకుంటుంది. మాటలు రాని కోపం ఎలా ఉంటుందో రాసినవాళ్లకు తెలుసు.

లోహాల వంశం మంచిదని పుస్తకం అంటుంది. మంచివాళ్లను ఆసక్తిగా రాయడం ఎంత కష్టమో కథలు రాసేవాళ్లను అడగండి. బంగారు డ్రాగన్ దగ్గర ఆ కష్టం కనిపిస్తుంది. గంభీరం, న్యాయం, దయ, అన్నీ ఉన్నాయి, పలకరించాలనిపించదు. వాలుగ చేపకున్నట్టు మూతికి మీసాలు, ముత్యాలూ రత్నాలూ తినడం, ఈ రెండు వివరాలే దాన్ని కాపాడాయి. వెండిది మనుషుల సావాసం కోసం ముసలి పండితుడి రూపంలో ఊళ్లో తిరుగుతుంది. లోహాల డ్రాగన్లు వయసు వచ్చాక వేరే రూపం ధరించగలవు. కంచుది సముద్రపు ఒడ్డున ఉంటుంది, వేళ్ల మధ్య పొర, నీటిలోనూ ఊపిరి. దారిన పోయే ఓడలో ఎవరున్నారో చూడాలంటే డాల్ఫిన్ అయిపోయి పక్కనే ఈదుతుంది. యుద్ధవిద్య అంటే దానికి మక్కువ, న్యాయం ఎటుంటే అటు నిలబడుతుంది.

రాగిది కొండల్లో ఉంటుంది. పొడుపు కథలు, హాస్యం దాని తిండి. అది వేసిన జోకుకు నవ్వకపోతే మాత్రం మొహం మాడ్చుకుంటుంది.

ఇక ఇత్తడిది. లోహాల్లో నాకు ప్రియమైనది ఇదే. వేడి ప్రాంతాల్లో, ఇసుక నేలల్లో ఉంటుంది. ఈ వంశానికి రెండేసి ఊపిరులు, ఒకటి గాయపరిచేది, ఒకటి చంపకుండా ఆపేది. ఇత్తడిదానికి మొదటిది నిప్పు, రెండోది నిద్రపుచ్చే వాయువు. ఆ వాయువును అది దేనికి వాడుతుందనుకున్నారు? కబుర్లకు. ఎడారిలో ఒంటరిగా ఉండి ఉండి మాట్లాడేవాళ్లు లేక మొహం వాచిపోయి ఉంటుంది. దారిన పోయేవాడు ఆగి నాలుగు మాటలు చెప్పకుండా వెళ్లిపోబోతే నిద్రపుచ్చుతుంది. వాడు లేచి చూసేసరికి మెడదాకా ఇసుకలో ఉంటాడు, ఎదురుగా డ్రాగన్ కూర్చుని “ఇంతకీ మీదే ఊరన్నారు?” అని మొదలుపెడుతుంది. తనివి తీరాక వదిలేస్తుంది. నిప్పు కన్నా, కత్తి కన్నా ఇది భయంకరమైన ఆయుధమని నా స్నేహితురాలు ఒకావిడ అంది. ఆవిడ వాళ్ల వియ్యపురాలిని తలుచుకుని అంటోందని నాకు తెలుసు.

రంగులు వేరైనా పాత పుస్తకాల బొమ్మల్లో డ్రాగన్లన్నీ ఇంచుమించు ఒకే మూసలో ఉండేవి. 2000లో వచ్చిన మూడో ప్రతికి టాడ్ లాక్‌వుడ్, శామ్ వుడ్ అనే చిత్రకారులు కూర్చుని ఒక్కో రకానికి ఒక్కో తల, ఒక్కో మెడ, ఒక్కో రెక్క కట్టు తీర్చారు. ఆ తర్వాత రంగు తీసేసి నల్ల నీడ చూపించినా ఏది ఏదో చెప్పొచ్చు. మా ల్యాబులో పక్షుల్ని ముక్కూ కాలూ చూసి గుర్తుపట్టడం నేర్పేవాళ్లం, అదీ ఇదే విద్య.

వయసు లెక్కలు కూడా బాగానే రాశారు. అయిదేళ్ల లోపు పిల్ల, వంద దాకా పడుచు, ఎనిమిది వందల దాకా నడివయసు, ఆ పైన వృద్ధ. పిల్లది మనిషంత ఉంటుంది. పెరుగుదల ఆగదు, ఏళ్లు గడిచేకొద్దీ బలమూ తెలివీ హెచ్చుతాయి. మొసళ్లు, ఉడుముల వంటి సరీసృపాలు చాలా కాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అక్కడ నాకు అభ్యంతరం లేదు. ఎగిరే వేగం దగ్గరే చిక్కంతా. ఎదిగిన డ్రాగన్ ఆరు సెకన్లలో 80 అడుగులు పోతుందని పుస్తకం. లెక్క కడితే గంటకు 15 కిలోమీటర్లు కూడా లేదు. ఊరి పావురం ఇంతకు ఎన్నో రెట్లు పోతుంది. ఈ మాట మనవరాలికి చెబితే, బల్ల మీద గళ్ల కాగితం పరిచి ఆడాలి కదా, అంతకన్నా వేగమైతే కాగితం దాటి వంటింట్లోకి పోతుంది అంది. సరే, ఆటకు ఆట న్యాయం.

దాయాదులూ ఉన్నారు. రెండే కాళ్లు, తోకకు విషపు ముల్లు ఉన్నది వైవర్న్. నా అవయవాల లెక్కకు సరిపోయేది అదొక్కటే, కానీ పుస్తకంలో దానికి తెలివి తక్కువ, గౌరవమూ తక్కువ. పిల్లి అంత ఉండి, మనసులోకి నేరుగా తలపులు పంపేది సూడోడ్రాగన్. డ్రాగన్ టర్టిల్ అనే మహా తాబేలు ఆవిరి కక్కుతుంది. రత్నాల వంశం ఒకటి 1980లో ‘డ్రాగన్’ పత్రికలో పుట్టింది. అందులో పుష్యరాగం, నీలం, మరకతం లాంటివి ఉన్నాయి. మంచికీ చెడుకూ మధ్యస్థంగా ఉంటాయి, మనసుతో కూడా మాట్లాడగలవు.

నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. రంగులవి పుట్టుకతో చెడ్డవి, లోహాలవి పుట్టుకతో మంచివి అని ఈ పుస్తకం ఏళ్ల తరబడి గీత గీసింది. చోటును బట్టి ఊపిరి, ఊపిరిని బట్టి వేట, వేటను బట్టి అలవాటు, ఇంతవరకూ బాగుంది. అక్కడి నుంచి ఒక్క గెంతుతో పాపపుణ్యాల దగ్గరికి వెళ్లిపోయారు. గుడ్డులోంచి బయటికి వచ్చిన పిల్లను రంగు చూసి చెడ్డదనడం జంతుశాస్త్రం కాదు, మరే శాస్త్రమూ కాదు. తోలు రంగును బట్టి బుద్ధి చెప్పేవాళ్లను మనం మనుషుల్లోనూ చూస్తూనే ఉన్నాం. ఆట సాగే లోకంలో పిల్లకాయలకు ఎవరిని కొట్టాలో త్వరగా తెలియాలి కాబట్టి అలా పెట్టారంటారు. ఒప్పుకుంటాను, కానీ అది రాసేవాళ్ల సౌకర్యం.

ఆ లోకంలోనే ఈ గీతను చెరిపినవాళ్లున్నారు. 1984లో మార్గరెట్ వీస్, ట్రేసీ హిక్‌మన్ మొదలుపెట్టిన ‘డ్రాగన్‌లాన్స్’ నవలల్లో మంచి డ్రాగన్ల గుడ్లను ఎత్తుకుపోయి, క్షుద్ర విద్యతో వాటిలోంచి దుష్ట సైనికుల్ని పుట్టిస్తారు. గుడ్డులో ఉన్నది ఏమవుతుందో చేతులు మారితే మారుతుందన్నమాట. 2004లో కీత్ బేకర్ తయారుచేసిన ‘ఎబెరాన్’ లోకంలో రంగుకూ గుణానికీ లంకె లేదని తేల్చేశారు, అక్కడ ఎర్రది సాధువు కావచ్చు, బంగారపుది దుర్మార్గురాలు కావచ్చు. 2021లో డ్రాగన్ల కోసమే వేసిన ‘ఫిజ్‌బాన్స్ ట్రెజరీ ఆఫ్ డ్రాగన్స్’ పుస్తకంలో డ్రాగన్ల గుణాన్ని ఆడించేవాళ్లే తీర్చుకునేలా వీలిచ్చారు. యాభై ఏళ్ల ఆటలో ఇది ఆలస్యమే, అయినా వచ్చింది.

ఇప్పుడు మీ ఇంట్లో కూడా ఏ పిల్లో పిల్లాడో ఇలాంటి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి ఉండొచ్చు. దయ్యాల పుస్తకమని పక్కన పడేయకండి. పక్కన కూర్చుని, ఇది ఎక్కడుంటుంది, ఏం తింటుంది, ఎవరికి భయపడుతుంది అని అడగండి. గంటసేపు మీకు పాఠం చెబుతారు. మీరే కథ నడపాల్సి వస్తే మాత్రం ఎర్రదానితో మొదలుపెట్టకండి, పిల్లలు మొదటి రాత్రే బూడిదైపోయి ఆట మానేస్తారు. ఇత్తడిదాన్ని దింపండి. కత్తి తీయాల్సిన పని లేదు, నాలుగు కబుర్లు చెబితే చాలు, ఆ ఎడారిలో నీళ్లెక్కడున్నాయో కూడా చెప్పి పంపుతుంది.